కబురు మీ దగ్గర ఆగకూడదు

అక్టోబరు వచ్చిందంటే శ్రోతల నుంచి నాకొచ్చే ఉత్తరాలన్నీ ఒకే పాట పాడతాయి. ఉత్తరాలంటే వాట్సాప్ సందేశాలే లెండి. మొదటి ఆదివారం గడియారం గంట ముందుకు తిప్పుతాం, సోమవారానికల్లా హైదరాబాద్ టీముతో తలనొప్పి మొదలవుతుంది. ఇక్కడ మెల్‌బోర్న్‌లో పొద్దున 11 గంటల మీటింగంటే మొన్నటిదాకా అక్కడ ఆరున్నర. ఇప్పుడు ఐదున్నర. ఆ వేళకి మొహం కడుక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లాణ్ణి పట్టుకుని, పదిహేనుమంది వింటుండగా "ఏమైనా సమస్యలున్నాయా?" అని అడిగితే ఏం చెప్తాడు? ఏం లేవంటాడు. మైకు ఆపేసుకుంటాడు.

ఈ వారం ఇక్కడి టార్నీట్ నుంచి ఒక చెల్లెలు ఇలా రాసి పంపింది. "అక్కా, అక్కడి పిల్లలు మీటింగులో నోరు విప్పరు. అయిపోయిన ఐదు నిమిషాలకు నాకు ఫోన్ చేసి అసలు సంగతి చెప్తారు. మా మేనేజరేమో వీళ్ళకి బాధ్యతే తెలీదంటాడు. వాళ్ళకు నేనెలా నేర్పాలి?" అని.

అమ్మా, వాళ్ళకు నేర్పేది తర్వాత చూద్దాం. మీటింగు అయ్యాక నీకు ఫోన్ చేసి చెప్పారన్నావే, అది విన్నాక నువ్వేం చేశావు? అది రాయలేదు నువ్వు. నాకు కావలసింది అదే.

నేను ఆఫీసులకు వెళ్ళి, మన దేశపు సహోద్యోగులతో ఎలా పనిచేయాలో ఇక్కడివాళ్ళకు చెప్పే పని చేస్తుంటానని మీలో చాలామందికి తెలుసు. ఎక్కడికెళ్ళినా నాకంటే ముందు ఒక స్లైడు వచ్చి కూర్చుని ఉంటుంది. హాఫ్‌స్టెడ్ అనే డచ్చి ఆయన ఐబీఎం ఉద్యోగుల సర్వేతో లెక్కగట్టిన అంకెలు. పై అధికారికీ కింద ఉద్యోగికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారో దాని కొలత. భారతదేశానికి 77, ఆస్ట్రేలియాకు 36. అందుకే మీ హైదరాబాద్ టీము మాట్లాడదు, క్లాసు అయిపోయింది, టీ తాగండి. ఈ అంకెలు తప్పని నేననను గానీ, ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట ఒక్క కంపెనీలో చేసిన సర్వేను మన పిల్లల నుదుటిరాత చేసేశారు. బాస్ ఎదురుగా కుర్రాడు ఎందుకు నీళ్ళు నములుతాడో ఆ అంకె చెప్తుందేమో. అతను నిజంగానే చెప్పిన కబురు ఎక్కడ ఆగిపోయిందో మాత్రం చెప్పదు.

ఎక్కడ ఆగుతుందో ఒక చోట నేను కళ్ళారా చూశాను. తీరిగ్గా చెప్తాను, వినండి.

ఇక్కడి డాక్‌ల్యాండ్స్‌లో ఒక ఆఫీసు, పేరు వద్దు. కరెంటు బిల్లుల ఖాతాలన్నీ పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారుస్తున్నారు. పనంతా హైదరాబాద్ గచ్చిబౌలిలో, అజమాయిషీ ఇక్కడ. మధ్యలో సమన్వయానికి గుంటూరు వైపు తమ్ముడొకడు. తెలివైనవాడు, కష్టజీవి. గో-లైవ్ దగ్గర పడ్డాక ఒక గురువారం, పెద్దవాళ్ళంతా కూర్చున్న మీటింగులో విషయం బయటపడింది. పెన్షనర్లకు, హెల్త్ కేర్ కార్డు ఉన్నవాళ్ళకు కొత్త బిల్లులో రాయితీ పడటం లేదు. విక్టోరియాలో ఆ రాయితీ 17.5 శాతం, చిన్న సంగతి కాదు. తేదీ వాయిదా పడింది. మేనేజరు తల పట్టుకుని, "హైదరాబాద్ వాళ్ళు ఏదీ ముందు చెప్పరు, వాళ్ళ కల్చరే అంత" అని తేల్చి, ఆ టీముకు క్లాసు చెప్పమని నన్ను పిలిచాడు.

క్లాసు చెప్పేముందు నేను అందరితో విడివిడిగా మాట్లాడతాను. ఈ తప్పు మొదట ఎవరు పట్టుకున్నారని అడిగితే ఒక సిద్దిపేట అమ్మాయి పేరు చెప్పారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆ అమ్మాయి నాకు తెరమీద టెస్టు బిల్లు తెరిచి చూపించింది. రోజువారీ సప్లై చార్జీ ఉంది. వాడిన యూనిట్లున్నాయి. జీఎస్టీ ఉంది. రాయితీ అని రాసి ఉన్న గడిలో ఏమీ లేదు. "ఇక్కడ సున్నా ఉంటే లెక్క తప్పిందనుకుందును మేడమ్. ఖాళీగా ఉందంటే అసలు కార్డు కోడే రాలేదన్నట్టు" అంది. ఎంత చక్కగా చెప్పిందో చూడండి! ఎప్పుడు చూశావమ్మా అంటే, "ముందు వారం బుధవారం మేడమ్. ఆ రోజే మా లీడుకు చెప్పినా" అంది.

లీడును అడిగాను. అతను ఫోన్ తీసి కెమెరాకు చూపించాడు. బుధవారం సాయంత్రమే మన తమ్ముడికి పెట్టిన సందేశం. "అన్నా, కన్సెషన్ లైను రావట్లేదు, చూస్తున్నాం." దాని కింద మన తమ్ముడి బొటనవేలు.

అంతే, కబురు ఆ బొటనవేలు దగ్గర ఆగిపోయింది! శుక్రవారం స్టేటస్ రిపోర్టులో అన్నీ పచ్చరంగే. సోమవారం అడిగితే చూస్తున్నాం, మంగళవారం అడిగితే చూస్తున్నాం. వాళ్ళు నిజంగానే చూస్తున్నారు. ఎంతసేపు చూసినా వాళ్ళకది దొరకదు. ఎందుకంటే పాత కార్డు కోడుకు కొత్త కోడేదో రాసిపెట్టుకున్న పట్టిక హైదరాబాద్‌లో లేదు. ఇక్కడ, డాక్‌ల్యాండ్స్‌లోనే, తమ్ముడి కుర్చీకి సరిగ్గా ఒక అంతస్తు కింద కస్టమర్ టీము దగ్గరుంది. చివరికి అడిగితే ఆ పూటే ఇచ్చారు. బుధవారం తెలిసిన సంగతి గురువారం పొద్దున లేచి చెప్పి ఉంటే, మధ్యాహ్నం భోజనాల వేళకి తీరిపోయేది.

తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగాను. "రెండు రోజుల్లో సర్దేస్తారనుకున్నానక్కా. మన పిల్లలే కదా, పెద్దవాళ్ళ ముందు వాళ్ళ పరువెందుకు తీయాలి" అన్నాడు. చెడ్డ ఉద్దేశం ఇసుమంత లేదు. కానీ చివరికి పోయింది ఎవరి పరువు? బుధవారమే గొంతు విప్పిన ఆ అమ్మాయిది. చెప్పనివాళ్ళన్న పేరు ఆమె టీముకు పడింది. మేనేజరుకు జరిగింది చెప్పాను. తప్పు ఎవరిదని ఆయన అడగలేదు. "మెల్‌బోర్న్‌కు ఎప్పుడు తెలిసింది?" అని ఒక్కటే అడిగాడు. ఇక్కడి ఆఫీసుల్లో చాలాచోట్ల మిమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే. తప్పు జరగడాన్ని మన్నిస్తారు. తెలిసీ చెప్పకపోవడాన్ని మాత్రం మరచిపోరు.

అందుకని నేను చెప్పేది, ఇవాళ ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా సరే, చెడ్డ కబురును మీ దగ్గర ఆపుకోకండి. 2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం 59 వేల పైచిలుకు తేలాం. మనలో ఎంతమంది ఆ తమ్ముడిలా మధ్య కుర్చీలో ఉన్నారో మీ చుట్టూ చూసుకోండి. ఆ కుర్చీలో కూర్చోగానే మనకు పెళ్ళిళ్ళ పేరయ్య బుద్ధి పుడుతుంది. అటువాళ్ళ మాట ఇటు కాస్త తియ్యగా, ఇటువాళ్ళ మాట అటు కాస్త మెత్తగా. రెండిళ్ళూ సంతోషమే, పీటల మీద కూర్చునేదాకా.

ఇక్కడొక చిక్కుంది, దాటేసిపోను. వీసా. 482 వీసా మీద ఉన్నవాడికి, స్పాన్సరు కంపెనీయే ఆధారంగా ఉన్నవాడికి, నలుగురిలో నోరు తెరిచి "మన తేదీ కష్టం" అనడం మాటలు కాదు. ఇంటి అద్దె, పిల్లల బడి, అన్నీ ఆ ఒక్క ఉద్యోగానికే ముడిపడి ఉంటాయి. నాకు తెలుసు. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సరును వెతుక్కోవడానికి ఇదివరకు 60 రోజులే ఉండేవి. 2024 జూలై 1 నుంచి ఒక్కో విడతకు 180 రోజులు, ఆ వీసా కాలం మొత్తం మీద 365 రోజులు ఇస్తున్నారు. కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరికింది. మీ సొంత పరిస్థితి మాత్రం రిజిస్టరు అయిన మైగ్రేషన్ ఏజెంటును అడగండి, వాట్సాప్ గ్రూపును కాదు. పని హక్కుల సంగతైతే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్, 13 13 94. భయం ఉన్నవాడే ముందు చెప్పాలని నా అభిప్రాయం. బుధవారం చెప్తే అది సమాచారం. వచ్చే గురువారం చెప్తే అది మీ ఫైల్లోకి ఎక్కుతుంది.

సరే, చెప్పడం ఎలా? పరిష్కారం దొరికాక చెప్దామని ఆగకండి, మనవాళ్ళందరికీ ఉన్న జబ్బు అది. ఏం కనబడింది, ఏం ఇంకా తెలీదు, మళ్ళీ ఎప్పుడు చెప్తాను, ఈ మూడు ముక్కలు చాలు. "టెస్టు బిల్లులో రాయితీ గడి ఖాళీగా వస్తోంది. ఎన్ని ఖాతాలకో ఇంకా తేలలేదు. రేపు 2 గంటలకు చెప్తాను." క్షమాపణ వద్దు, చరిత్ర వద్దు. ఇది మెయిల్లో పెట్టి, పైగా ఫోన్ కూడా చేయండి.

హైదరాబాద్ వైపు ఏం చేయాలంటే, మీకు ఫోన్ చేసినవాళ్ళ నమ్మకం పోగొట్టకూడదు. వాళ్ళు తెలుగులో, అన్నా అని, అక్కా అని మీకు చెప్పుకున్నారు. ఆ మాట వెనకనుంచి పైకి వెళ్తే ఇంకెప్పుడూ చెప్పరు. అందుకని ఫోన్లోనే అనండి: "బాబూ, ఇది నేను ఇవాళే పైకి చెప్తున్నాను. పట్టుకున్నది మీ టీమేనని కూడా చెప్తాను." రెండో ముక్క వదలకండి. డాక్‌ల్యాండ్స్‌లో ఆ అమ్మాయి పేరు పెద్ద మీటింగులో మెచ్చుకోలుగా వినబడ్డాక, ఆ టీములో ఇంకో ఇద్దరు సొంతంగా మైకు తెరిచారు. నేను చెప్పిన క్లాసుకంటే అదే ఎక్కువ పని చేసింది, నిజం చెప్పాలంటే.

అడిగే పద్ధతి కూడా మార్చండి. "అంతా ఓకేనా" అని అడక్కండి. ఎన్ని అయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఎవరి కోసం ఆగారు, ఇలా అడగండి. మీటింగుకు గంట ముందు రాతలో అడిగితే ఇంకా మేలు. అందరికంటే చిన్నవాళ్ళతో మొదలుపెట్టండి. పెద్దాయన ముందు మాట్లాడేశాక ఆ టీములో ఇంకెవరూ మాట్లాడరు.

మిగిలినవి గబగబా. మీటింగు వేళ మార్చండి. ఇక్కడ మధ్యాహ్నం 3 అంటే అక్కడ తొమ్మిదిన్నర, అందరికీ కుదురుతుంది. క్వీన్స్‌లాండ్‌లో గడియారం మారదు కాబట్టి బ్రిస్బేన్ వాళ్ళతో మళ్ళీ సరిచూసుకోండి. వేళకాని వేళ ఫోన్లు ఎత్తనక్కర్లేదన్న హక్కు మీకు 2024 ఆగస్టు 26న వచ్చింది, చిన్న వ్యాపారాలకు 2025లో వచ్చింది. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగికి ఆ చట్టం వర్తించదు, అది మనసులో పెట్టుకుని ఫోన్ చేయండి. క్రిస్మస్‌కి ఇక్కడ ఖాళీ, తిరిగొచ్చేసరికి సంక్రాంతికి అక్కడ ఖాళీ, ఆ మధ్య ఏ తేదీకీ మాటివ్వకండి. పేర్లలో ఇంటిపేరేదో, పిలిచే పేరేదో ఇక్కడివాళ్ళకు ముందే చెప్పండి, పాపం ఇంటిపేరుతో పిలిచేస్తున్నారు. అక్కడి పిల్లలు సార్ అంటే అననివ్వండి, మానిపించడం అంత అవసరమేం కాదు. ఇక్కడి మేనేజరు గొంతు పెంచకుండా, నవ్వుతూనే గట్టి మాట అంటాడు. ఆ మాటను మీరు ఇంకా మెత్తగా చేసి అటు పంపితే, ఆ కుర్రాడికి అసలు సంగతి అప్రైజల్ రోజున తెలుస్తుంది. కబురు ఆపుకోవడంలో అదీ భాగమే.

ఇందాక ఇంకో సందేశం వచ్చింది, పేరు చదవను. "మేడమ్, నేను ఇప్పటికే రెండు వారాలుగా ఒక విషయం చెప్పకుండా ఉంచాను, సర్దుకుంటుందనుకున్నాను, ఇప్పుడేం చేయాలి?" అని. బాబూ, సోమవారం మీటింగు దాకా ఆగకు. ముందు హైదరాబాద్ లీడుకు ఫోన్ చేసి, "నేను ఇవాళ మేనేజరుకు చెప్తున్నాను, ఆలస్యం నా దగ్గర జరిగిందని చెప్తాను" అను. మీటింగులో హఠాత్తుగా వింటే వాళ్ళు కంగారుపడతారు. తర్వాత మేనేజరుకు ఫోన్ చెయ్యి. మెయిల్ కాదు, ఫోన్. నీకు ఏ తేదీన తెలిసిందో ఆయన అడగకముందే చెప్పు, తేదీ తగ్గించకు. అప్పటి సందేశాలు ఎలాగూ ఎవరి ఫోన్లోనో ఉంటాయి. నువ్వు చెప్పకుండా ఉంచిన ఆ విషయంలో అక్కడ పనిచేసేవాళ్ళకు దొరకనిది, మీ ఆఫీసులోనే ఎవరి దగ్గరో ఉన్నది ఏదైనా ఉందేమో వెతుకు. ఉంటే అది ఎవరిని అడగాలో కూడా అదే ఫోన్లో చెప్పు.