ఏజెంటు ఎదుట నిలుచునప్పుడు
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చి మాట్లాడుట వాడుక. ఆ వివరములు నివేదికలో అచ్చయినవి గావున వాని నట్లుంచి, మోడలు వృత్తిని గూర్చియు, అందు పని చూపించు ఏజెంట్లను పెద్ద సమావేశములలో కలిసికొను విధమును గూర్చియు చెప్పదలచితిమి. వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. రెండేండ్ల క్రిందట మేమును నవ్వితిమి.

అప్పుడు హోసూరు చెంత గులాబీ తోట చేయు రైతు ఒకరు సాయంకాలము మా యింటికి వచ్చిరి. ఆయన కుమార్తె మన పూర్వ విద్యార్థిని. "అయ్యవారూ, బెంగుళూరు హోటల్లో పెద్ద పెద్ద ఏజెంట్లు వస్తారంట. మా పాప పోవాలంటే అరవై వేలు కట్టమన్నారు. కట్టేదా?" అని అడిగిరి. తెలియదని చెప్పుటకు మాకు సిగ్గు కలిగినది. "పిల్ల కోరిక కాదనకండి" అంటిమి. ఆ మాట మాదే గావున తోడుగా మేమును వెళ్లితిమి.

హోటలు నిండ యువతీయువకులు, ఒక్కొక్కరి రొమ్మున ఒక్కొక్క అంకె. పరీక్షా కేంద్రము వలె నుండెను, కాని ప్రశ్నపత్రమేదో ఎవరికిని తెలియదు. మన పిల్లకు దొరకినది రెండు నిమిషములు. బల్ల వెనుక నున్నవారు ఆంగ్లమున ఏదో యడిగిరి. ఆమె 'యెస్' అను మాట తప్ప మరొకటి పలుకలేదు. మన బడిలో చలాకీగా నాటకమాడిన పిల్ల! వారమునకు ఫోను వచ్చినది, ఫోటోలకు మరి నలువది వేలు కావలెనని. అవి కట్టలేదు. మొదటి సొమ్ము తిరిగి రాలేదు. రాదని ఆంగ్ల పత్రమునందు వ్రాసియే యున్నది. తండ్రి సంతకము చేసిన పిదప, తిరుగు బస్సులో మేము దానిని చదివితిమి.

ఆ పశ్చాత్తాపముచేత ఈ విషయమును గూర్చి కొంత చదివితిమి. ఇట్టి సమావేశములు బాగుగ పెరిగినది అమెరికాలో. అన్నియు మోసమనుట న్యాయము కాదు. ఒహాయో రాష్ట్రపు టొలీడో నుండి వచ్చిన కేటీ హోమ్స్ 1996లో న్యూయార్కున జరిగిన ఐ.ఎం.టి.ఎ. సమావేశమున కనబడి, పిదప పేరుపొందిన నటియైనది. కాని అదియే త్రోవ యనుకొనరాదు. 1988లో న్యూయార్కు విమానాశ్రయమున పదునాలుగేండ్ల కేట్ మాస్‌ను చూచి పిలిచినది స్టార్మ్ ఏజెన్సీ స్థాపకురాలు సారా డూకస్. ఆ బాలిక ఏ సమావేశమునకును రుసుము కట్టి రాలేదు.

తలిదండ్రులు గమనింపవలసిన దొకటి కలదు. ఏజెంటు బ్రతుకు తెరువు మోడలు సంపాదనలోని భాగము. అమెరికాలో నూటికి 20 వాడుక. మోడలుకు పని దొరకనిచో ఏజెంటుకును రాబడి లేదు. సమావేశము జరుపువారి రాబడి అట్లు కాదు. అది మనము కట్టు రుసుము; పిల్లకు పని దొరకినను దొరకకున్నను వారికి ముట్టును. ఇద్దరిని ఒకటే యనుకొనుట మేము చేసిన పొరపాటు. న్యూయార్కు రాష్ట్రమున 2024 డిసెంబరులో సంతకమై 2025 జూనులో అమలునకు వచ్చిన ఫ్యాషన్ వర్కర్స్ చట్టము, ఏజెన్సీ భాగము నూటికి 20 మించరాదనియు, మోడలు నుండి ముందుగా రుసుము గాని ధరావతు గాని తీసికొనరాదనియు శాసించినది. మన దేశమున 18 ఏండ్లు నిండనివారి ఒప్పందము చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. అందుచేతనే తండ్రి సంతకము అడిగెదరు. తండ్రులు ఆ కలము పట్టుటకు ముందు ఒక దినము గడువు కోరవలెను.

ఇక కలిసికొను విధము. ముఖమునకు రంగులు వలదు. ఏజెంటు చూడగోరునది ఉన్న ముఖమును. సాదా దుస్తులు, తల దువ్వి వెనుకకు కట్టుట చాలును. కాంప్ కార్డు అను అట్ట యొకటి యుండును: ఒక ప్రక్క ముఖము, రెండవ ప్రక్క మూడు నాలుగు చిత్రములు, ఎత్తు, కొలతలు. కొలతలు నిజమే వ్రాయవలెను. వారి బల్ల మీద టేపు ఉండును. మనము పెంచిన అర అంగుళము అక్కడనే తరిగిపోవును. ర్యాంపు మీద నడుచు స్త్రీలకు అయిదడుగుల తొమ్మిదంగుళముల ఎత్తు అడుగుట సామాన్యము. చీరల, నగల ప్రకటనలకు అంత పట్టింపు లేదు. పేరు, వయస్సు, ఊరు చెప్పి, మనమును అడుగవలెను: మీరు ఎవరికి మోడళ్లను పంపుచున్నారు? మీ భాగమెంత? ఎన్నేండ్లు కట్టుబడి యుండవలెను? ఈ మూడు ప్రశ్నలకు విసుగుకొను వారిని విడిచి రావచ్చును. మర్యాదగా జవాబిచ్చిన వారి పేరు వ్రాసికొని, వారము లోపల చిన్న ఉత్తరము పంపవలెను. ఒకరు కాదన్నచో ముఖము బాగులేదని యర్థము కాదు. వారి వద్దకు వచ్చు వ్యాపారులు కోరు రూపు వేరు.

ఆ పిల్లకు ఇప్పుడు పందొమ్మిదేండ్లు. ఈ యేడు బెంగుళూరున ఒక ఏజెన్సీ కార్యాలయమునకు, రుసుము లేకయే క్రొత్తవారిని చూచు దినమున, తానే వెళ్లినది. తెలుగును కన్నడమును కలిపి మాట్లాడినదట, ఎవరును నవ్వలేదట. పోయిన నెల వారు పదకొండు పుటల ఒప్పందము పంపిరి, అంతయు ఆంగ్లమే. సాయంకాలము గంట కొట్టిన పిదప ఆ తండ్రి, కుమార్తె, మన ఆంగ్లోపాధ్యాయులు, మేము వరండాలో కూర్చుండి దానిని మాట మాటగా తెలుగు చేయుచున్నాము. నిన్నటికి ఏడవ పుట వచ్చినది. ఏజెన్సీని విడువగోరినచో మూడు నెలలు ముందుగా తెలుపవలెనని అందు కలదు. ఆ మూడు నెలలలో ఇతరుల పని చేయవచ్చునో కూడదో కానరాలేదు. రేపు ఆమె వెళ్లి అడిగి వచ్చును.