పరీక్షాసాధనమునకును పరీక్ష కావలెను

(గూడూరు పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



సేనాబలమనగానే శతఘ్నులును విమానములును మనకు స్ఫురించును. వానిని పనిచేయు స్థితియందుంచు మరమ్మతుపనివానిని తలచువారరుదు. ఆ పనివాని చేతనుండవలసిన యొక చిన్న సాధనమును గూర్చి నేడు మనవి చేయదలచితిమి. అది ట్రెయిలరులోని లోపమును యుద్ధరంగముననే కనిపెట్టు పరికరము.

గూడూరుమీదుగా సాగు 16వ నెంబరు జాతీయ రహదారిపై ట్రెయిలరులను మీరు నిత్యము చూచుచునే యున్నారు. ట్రెయిలరునకు స్వంత ఇంజను లేదు. బ్రేకులకు గాలియు, దీపములకు విద్యుత్తును ముందుబండినుండియే రావలెను. నడుమ నొక గొట్టము కారినను, తీగ తుప్పుపట్టినను, కవాటము బిగిసినను, బ్రేకు పట్టవలసినపుడు పట్టదు, పట్టరానిచోట పట్టును. సైన్యములో మందుగుండును, త్రాగునీటిని, విద్యుజ్జనకయంత్రమును మోయునవి ఇట్టి బండ్లే. కొండదారి మలుపున నొక్కటి అడ్డము తిరిగిన చాలును. శత్రువు ఒక్క గుండైనను పేల్చకయే దళమంతయు నిలిచిపోవును.

ఈ పరికరము ముందుబండికి ప్రతినిధివంటిది. ట్రెయిలరు సాకెట్టునకు తగిలించినచో ఒక్కొక్క తీగకు విద్యుత్తునిచ్చి, ఎంత ప్రవహించినదో కొలుచును. ప్రవాహమే లేకున్న తీగ తెగినదనియు, మితిమీరినచో తీగలొకదానినొకటి తాకినవనియు ఊహింపవచ్చును. గొట్టములలో గాలి నింపి, ఎంతసేపటికి ఎంత ఒత్తిడి తగ్గినదో చూచి కారుటను పసికట్టవచ్చును. సైనికశకటములలో సామాన్యముగా 24 వోల్టులు, చిన్నబండ్లలో 12. ఈ భేదమెరుగని పరికరము దీపములను మాడ్చి క్రొత్త లోపమును కల్పించును.

చెడిన బండిని వెనుకకు ఈడ్చుకొనిపోవుటకంటె మరమ్మతే ముందునకు పోవలెనన్న సూత్రమును రెండవ ప్రపంచయుద్ధము దృఢపరచినది. 1942లో ఇంగ్లండునందును, 1943 అక్టోబరు 15న మన దేశమునందును ఈ పనికై ప్రత్యేకదళము లేర్పడినవి. మన దళపు కళాశాల సికింద్రాబాదు తిరుమలగిరిలో నున్నది. 1984లో శంకుస్థాపన జరిగిన ఎద్దుమైలారపు కర్మాగారమున పదాతిదళపు యుద్ధశకటములు తయారగుచున్నవి. శకటమును చేయగల జాతి, శకటపు రోగమును కనుగొను సాధనమును చేయలేదా?

చేయగలదు. కాని స్వదేశీయమను పేరు మాత్రమే చాలదు. పనివాడు పరికరమును నమ్మును. సైనికుడు పనివానిని నమ్మును. నడుమనున్న పెట్టె అబద్ధమాడినచో ప్రాణము పోవునది సైనికునిది. కావున పరీక్షించు సాధనమునే ముందు పరీక్షింపవలెను. మంచి ట్రెయిలరులో తెలిసిన లోపములను కావలెనని కల్పించి, ఎన్నింటిని పట్టినదో లెక్కింపవలెను. లేని లోపమును ఉన్నదన్న తడవలనుకూడ లెక్కింపవలెను. వృథాభయము కల్పించు పరికరమును పనివాడు రెండుదినములలో మూల పారవేయును. ఎండలోను, వానలోను, ధూళిలోను, ఉప్పుగాలిలోను, కుదుపులలోను అది నిలువవలెను. ఇట్టి పరీక్షలకు మన సేనలు జె.ఎస్.ఎస్. 55555 అను ప్రమాణమును ఏర్పరచుకొన్నవి. అంతతో ముగియదు. దానిని నిర్మించిన ఇంజనీరు చేత కాక, చలికి చేతొడుగులు తొడిగిన సామాన్యసైనికుని చేత, చీకటిలో, అది పనిచేయవలెను.

విదేశమున కొనుట సులభము కదా యని కొందరందురు. కొన్నది పెట్టె మాత్రమే. దానిలోని లెక్కలును, విడిభాగములును అమ్మినవాని యొద్దనే యుండును. 1965 యుద్ధమున అమెరికా ఆయుధసహాయమును నిలిపివేసినది. 1998 పోఖ్రాన్ పరీక్షల వెనుక మరల ఆంక్షలు విధించినది. ఈ అనుభవములను మరచుట తగదు.

గూడూరువారికి ఈ నీతి క్రొత్తది కాదు. సైదాపురము మొదలగు ఈ ప్రాంతపు గనుల అభ్రకము లోకప్రసిద్ధము. వేడికి విలువ మారని గుణముచేత అభ్రకపు కండెన్సరులు కొలతసాధనములకు ప్రమాణములైనవి. భారతదేశపు అభ్రకమును సేకరించుటకై 1942లో బ్రిటనును అమెరికాయు ఉమ్మడి సంఘమునే పంపినవి. మన మన్ను ఇతరుల కొలబద్దకు ప్రాణమైనది. కొలబద్ద మాత్రము మనది కాలేదు. అయినను బందరువారు 1926లోనే ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని స్థాపించి, శాస్త్రసాధనములను చేయ పూనుకొనిరి. 1983లో అది భారత్ ఎలెక్ట్రానిక్స్ సంస్థలో చేరి, నేటికిని సేనకు దృష్టిసాధనముల నందించుచున్నది. బందరున సాధ్యమైనది గూడూరున అసాధ్యమేల?

సముద్రపుగాలికి ఏ సాకెట్టు ముందు తుప్పుపట్టునో రహదారిప్రక్క మెకానిక్కునకు తెలియును. విద్యుత్కొలతల సూక్ష్మము పాలిటెక్నిక్కు విద్యార్థికి తెలియును. వీరిరువురిని ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టుడు. లోపముల పట్టికను వ్రాయింపుడు, పరికరమును నిర్మింపుడు, నిర్దాక్షిణ్యముగా పరీక్షింపుడు. పరీక్షలో ఓడినదానిని దేశాభిమానముపేరిట గెలిపింపకుడు. సరిహద్దునందలి సైనికునకు మనము పంపవలసినది పొగడ్త కాదు, నమ్మదగిన పనిముట్టు.