ఘాట్ ఎక్కే బండికి ఆయిల్ వేడి

రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఉంటూ లారీలు తిప్పే మనవాళ్లకు ఈ నాలుగు మాటలు.

విజయవాడ వైపు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిలో కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. మే నెల ఎండలో, నిండు లోడుతో ఆ మలుపులు ఎక్కేటప్పుడు ఇంజన్‌లో ఎక్కువ నలిగేది ఆయిలే. డ్యాష్‌బోర్డు మీది ముల్లు చాలా బళ్లలో నీళ్ల వేడినే చూపిస్తుంది. ఆయిల్ నీళ్లకన్నా ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగానే చల్లారుతుంది. అందుకే ముల్లు కిందికి దిగగానే గండం గడిచిందనుకోకండి.

ఆయిల్ సుమారు 100, 110 డిగ్రీల దగ్గర ఉంటే భయం లేదు. అది దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది. వేడికి ఆయిల్ పలచబడి బేరింగుల్లో పొర నిలవదు.

చాలా లారీల్లో ఆయిల్ కూలర్‌ను చల్లబరిచేది రేడియేటర్ నీళ్లే. బోరు నీళ్లు పోస్తే లోపల గార కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి. రైస్‌మిల్లుల దగ్గర లోడెత్తే బళ్లకు రేడియేటర్ ముందు ఊక, దుమ్ము అట్టకడతాయి. టార్చి వేసి చూసి, లోపలి వైపు నుంచి మెల్లగా గాలి కొట్టించండి.

డిప్‌స్టిక్ పై గీత దాటి ఆయిల్ పోయించకండి. క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఘాట్‌లో ముందే గేరు తగ్గించండి. ఇంజన్ కాస్త వేగంగా తిరిగితే నీళ్ల పంపు కూడా బాగా పనిచేస్తుంది. పైకి చేరాక వెంటనే ఆపేయకుండా మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో చల్లారుతుంది.