గొలుసు రంపము ఉమ్మడి సొత్తు కావచ్చునా?

మన గ్రంథాలయమునకు చేరియున్న ఉమ్మడి పనిముట్ల శాలకు పెట్రోలుతో నడచు గొలుసు రంపమును కొనవలెనా యని పెద్దలు నన్నడిగినారు.

అక్కర లేదని ఎవరనగలరు? 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానులు మన ఉత్తరాంధ్రలో చెట్లను కూల్చి దారులు మూసిన సంగతి మరచితిమా? గొడ్డలితో పూటంతయు పట్టు పనిని ఈ రంపము నిమిషములలో ముగించును. ఏటికొకటి రెండు మారులు పనికివచ్చు దానిని ఇంటింట కొనుట వృథా. అమెరికాలోని బర్కిలీ పౌర గ్రంథాలయము 1979 నుండి పనిముట్లను గూడ పుస్తకములవలె ఎరువిచ్చుచున్నది.

అయినను పుస్తకము వేరు, రంపము వేరు. పుస్తకము చిరిగినచో జరిమానాతో సరిపోవును. గొలుసు తిరుగు ఉక్కుపట్టీ కొన పైభాగము కొయ్యకు తగిలెనా, రంపము రెప్పపాటులో ఎగిరి పట్టినవాని ముఖముపైకే వచ్చును. ఆ నష్టమునకు జరిమానా ఎవరు కట్టగలరు? ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చెనను సామెత ఉండనే యున్నది; మొద్దుబారిన గొలుసు మరింత ప్రమాదకరము.

కావున నా మనవి: రంపమును కొందము, ఎరువు మాత్రము ఇయ్యవలదు. శిక్షణ పొందిన ఇద్దరే దానిని పట్టవలెను. పదును పెట్టు బాధ్యతయు వారిదే. శిరస్త్రాణము, కళ్ళద్దములు, కాళ్ళకు రక్షణ తొడుగులు లేనిదే పని మొదలిడరాదు, ఒంటరిగా చేయరాదు. వీని వెలను గూడ చందాలో చేర్చుదము. పైకము చాలదా, రంపమును మానుకొని గొడ్డలితోనే గడుపుదము. సెలవు.