మూడు వన్నెల పిల్లి



మా ఇంట కరణీకము 1984లో పోయినది గాని, లెక్కవ్రాత అలవాటు పోలేదు. అందుచేత జీవకణమును గూర్చి చదువునపుడు నాకది దస్త్రముల గదివలెనే తోచును. మానవకణములోని డి.ఎన్.ఏ. అను మూలగ్రంథము సుమారు 300 కోట్ల అక్షరములది. అందు మాంసకృత్తులను చేయు విధము తెలుపు భాగము నూటికి రెండు పాళ్లకు మించదు. అవసరమైనపుడు ఆ భాగమునకు ఆర్.ఎన్.ఏ. అను నకలు తీసి పనివారికి పంపుదురు. అయితే కొన్ని నకళ్లు ఏ మాంసకృత్తుకును పనికిరావు. అవి గదిలోనే నిలిచి, ఏ కట్ట విప్పవలెనో, ఏది విప్పరాదో శాసించును. పాణినీయమున అధికార సూత్రములు లేవా? అవి స్వయముగా ఒక్క పదమునైన సాధింపవు. తమ వెనుక వచ్చు సూత్రములను ఏలును.

ఉదాహరణము ఎండల మల్లికార్జునుని గుడి వీధిలోనే కనబడవచ్చును. నలుపు, నారింజ, తెలుపు వన్నెలు గల పిల్లి దాదాపు ఎల్లప్పుడును ఆడుదియే. నారింజ వన్నె నిచ్చు జన్యువు ఎక్స్ క్రోమోజోముపై నున్నది. అది ఏదియో 2025లో గాని జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చలేదు. ఆడుదానికి ఎక్స్‌లు రెండు, మగదానికి ఒకటి. రెండును పనిచేసినచో లెక్క రెట్టింపగును గదా! కావున పిండదశయందే ప్రతి కణమును ఒకదానిని మూసివేయునని 1961లో మేరీ లయన్ అను ఆంగ్ల విదుషి ఎలుకలను పరిశీలించి చెప్పెను. మూయునది 1991లో బయటపడిన ‘ఎగ్జిస్ట్’ అను ఆర్.ఎన్.ఏ. తాను పుట్టిన ఎక్స్‌నే అది ముసుగువలె కప్పి, కొన్ని మాంసకృత్తులను పిలిచి, అచ్చట నకలు తీయు పనిని మాన్పించును. కొన్ని జన్యువులు మాత్రము తప్పించుకొనును. ఏ ఎక్స్ మూతపడునన్నది చీట్లు వేసినట్లే. కాని ఒకమారు తీర్పైన పిమ్మట ఆ కణపు సంతతి యంతయు దానినే పాటించును. అందుచే ఒకచోట నలుపు, ఒకచోట నారింజ. తెలుపు వేరొక జన్యువు పని. 2001లో టెక్సాసున అట్టి పిల్లి కణమునుండి దాని ప్రతిరూపమును పుట్టించిరి. పిల్లకు నారింజ రానేలేదు.

ఇది పిల్లుల ముచ్చటయని నవ్వి పోరాదు. జి-6-పి-డి లోపమును ఎక్స్‌పైనిదే. అది గలవారికి మలేరియాకిచ్చు ప్రైమాక్విన్ వలన ఎర్రకణములు పగులవచ్చును. స్త్రీకి ఒక ఎక్స్‌పై మాత్రమే లోపమున్నచో, ఆమె నెత్తుట కొన్ని కణములు గట్టివి, కొన్ని బలహీనములు. వన్నెల పిల్లి చర్మమువంటిదే ఆమె నెత్తురును. అందుచే ఉన్నదా, లేదా యని మాత్రమే చెప్పు పరీక్ష ఆమెకు లోపము లేదని చెప్పవచ్చును. ఎంత యున్నదో కొలుచు పరీక్ష వేరుగా కలదు. మన్యపు పల్లెలలో చుట్టరికములున్న అమ్మలు, అక్కలు ఈ మాట అచ్చటివారికి చెప్పవలెను: ఆ మాత్ర వేసుకొన్నపుడు మూత్రము నల్లబడినను, కన్నులు పచ్చబడినను, మాత్ర ఆపి వెంటనే వైద్యుని చూడవలెను.