తక్కువ జీతం ఉద్యోగం: ఒప్పుకోవాలా, వద్దా?



మన మహాసభల్లో వేదిక ఎక్కినవాళ్ళం సాధారణంగా విజయాల గురించే మాట్లాడుకుంటాం. ఉద్యోగం పోయిన సంగతి మాత్రం కాఫీ క్యూలో, అదీ గొంతు తగ్గించి చెప్పుకుంటాం. నిర్వాహకులు నన్ను ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు, నాలుగు కాదు, ఒక్క ప్రశ్న తీసుకుంటానన్నాను. లేఆఫ్ అయ్యాం. కొన్నాళ్ళకి ఒక ఉద్యోగం వచ్చింది, కానీ జీతం పాతదానికంటే బాగా తక్కువ. చేరాలా, ఆగాలా?

పెద్దల్ని అడిగితే "గుడ్డి కన్నా మెల్ల మేలు" అంటారు. "పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని కూడా అంటారు. ఆగితే "ఆలస్యం అమృతం విషం", తొందరపడితే "నిదానమే ప్రధానం". మన సామెతలు రెండు వైపులా వాదించగలవు. అందుకే ఈ ప్రశ్నని సామెతలకి వదిలెయ్యకుండా, మనం ఆఫీసులో ఏ సమస్యనైనా విడదీసినట్టు విడదీసి చూద్దాం.

మొదట ఒక మాట. కెనడాలో ఈ అనుభవం కొత్తది కాదు, మన ఒక్కరిదీ కాదు. 2000లో నార్టెల్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా 90,000 మందికి పైగా ఉద్యోగులతో ఉండేది. టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజి 300 సూచీ విలువలో ఆ ఒక్క కంపెనీదే మూడో వంతు దాటింది. 2009 జనవరి 14న అదే నార్టెల్ దివాలా రక్షణ కోసం కోర్టుకి వెళ్ళింది. అప్పటికే ఉద్యోగం పోయి సెవరెన్స్ వాయిదాల్లో తీసుకుంటున్నవాళ్ళకి ఆ వాయిదాలు ఆగిపోయాయి. వాళ్ళూ అప్పులవాళ్ళ వరసలో నిలబడాల్సి వచ్చింది. 2013 సెప్టెంబరులో వాటర్‌లూ బ్లాక్‌బెర్రీ 4,500 మందిని, అంటే సుమారు 40 శాతం సిబ్బందిని, తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆటవా షాపిఫై 2022 జులైలో పదో వంతు మందిని, 2023 మేలో అయిదో వంతు మందిని పంపింది. ఇన్నివేల మంది తెలివితక్కువవాళ్ళు కారు. ఇది ముందు మనసుకి చెప్పుకోవాలి, ఎందుకంటే సిగ్గుతో తీసుకునే నిర్ణయం చాలాసార్లు తొందర నిర్ణయం అవుతుంది.

ఇక లెక్క. పాత జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు, కొత్తది 90,000 అనుకుందాం. పైకి తేడా 30,000. కానీ పై శ్లాబుల్లో పన్ను ఎక్కువ కాబట్టి, అంటారియోలో చేతికొచ్చే డబ్బులో తేడా ఏడాదికి సుమారు 20,000, నెలకి 1,650 ప్రాంతం. పిల్లలు చిన్నవాళ్ళైతే, ఆదాయం తగ్గిన మరుసటి జులై నుంచి చైల్డ్ బెనిఫిట్ కూడా కొంత పెరగొచ్చు. అంటే 25 శాతం కోత అనుకున్నది ఇంట్లో అంత పెద్దగా కనిపించదు.

ఇప్పుడు ఆగితే ఏమవుతుందో చూద్దాం. ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్, మనం ఈఐ అంటాం, జీతంలో 55 శాతం ఇస్తుంది కానీ దానికో పరిమితి ఉంది. 2025లో గరిష్ఠం వారానికి 695 డాలర్లు. నెలకి పన్నుకి ముందు సుమారు 3,000. 90,000 ఉద్యోగంలో పన్నులు పోను నెలకి సుమారు 5,600 వస్తుంది. కాబట్టి ఆగిన ప్రతి నెలా కనీసం 2,600 వదులుకుంటున్నాం. నాలుగు నెలలు ఆగి, పాత జీతం ఉద్యోగమే దొరికితే, పోగొట్టుకున్న 10,400 తర్వాతి ఆరేడు నెలల్లో తిరిగొస్తుంది. పది నెలలు ఆగాల్సి వస్తే 26,000 నష్టం, తిరిగి రావడానికి ఏడాదిన్నర దగ్గర పడుతుంది. ఇదంతా ఆ పెద్ద ఉద్యోగం ఖాయంగా వస్తుందనుకుంటేనే. ఈఐ కూడా ప్రాంతాన్ని బట్టి, పనిచేసిన గంటల్ని బట్టి 14 నుంచి 45 వారాలే.

ఈ లెక్కలో మనవాళ్ళు తరచుగా మర్చిపోయే అంశం ఇంకొకటుంది. చిన్న ఉద్యోగంలో చేరితే పెద్ద ఉద్యోగం కోసం వెతకడం ఆపాలని ఎక్కడా లేదు. కాబట్టి పోలిక "90 వేలా, లక్షా ఇరవై వేలా" కాదు. "పని చేస్తూ వెతకడమా, ఖాళీగా ఉండి వెతకడమా" అన్నది అసలు పోలిక. పని చేస్తూ వెతికితే సమయం తగ్గుతుంది. ఖాళీగా వెతికితే సమయం ఉంటుంది గానీ, రోజులు గడిచేకొద్దీ రెజ్యూమే మీద ఖాళీ పెరుగుతుంది.

ఆ ఖాళీకి ఎంత ఖరీదు? 2013లో ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో కోరీ క్రాఫ్ట్ టొరంటో విశ్వవిద్యాలయం ఆచార్యులు. అమెరికాలో 100 నగరాల్లో సుమారు 12,000 కల్పిత రెజ్యూమేలు పంపి చూశారు. ఖాళీ కాలం పెరిగేకొద్దీ ఇంటర్వ్యూ పిలుపులు తగ్గాయి. ఆ తగ్గుదల చాలావరకు మొదటి ఎనిమిది నెలల్లోనే కనిపించింది. ఇందులో ఇంకో కిటుకుంది. ఉద్యోగాలు బాగా ఉన్న ఊళ్ళలో ఈ దెబ్బ ఎక్కువ, అందరికీ గడ్డుకాలంగా ఉన్నచోట తక్కువ. ఊరంతా లేఆఫులు అవుతుంటే మన ఖాళీని ఎవరూ పెద్దగా తప్పుపట్టరన్నమాట.

జీతం సంగతికొస్తే, 1993లో వచ్చిన జేకబ్సన్, లాలోండ్, సల్లివన్ల అధ్యయనం ప్రసిద్ధమైనది. పెన్సిల్వేనియాలో ఏళ్ళ తరబడి ఒకేచోట పనిచేసి, మూకుమ్మడి లేఆఫుల్లో ఉద్యోగం పోయినవాళ్ళు అయిదారేళ్ళ తర్వాత కూడా ఏటా సుమారు 25 శాతం తక్కువే సంపాదిస్తున్నారని తేలింది. ఇది వింటే దిగులేస్తుంది, కానీ కారణం ఆలోచిస్తే తేలికపడతాం. మన పాత జీతంలో కొంత మన నైపుణ్యానిది. కొంత ఆ కంపెనీ సొంత టూల్స్, అక్కడి కోడ్, అక్కడి మనుషులు మనకి తెలిసినందుకు ఇచ్చినది. రెండో భాగం మనతోపాటు గుమ్మం దాటి రాదు. కొత్త కంపెనీ తక్కువ ఇస్తోందంటే ప్రతిసారీ మనల్ని తక్కువ చేస్తోందని కాదు.

ఎంత తగ్గితే "తగ్గినట్టు"? ఈ ప్రశ్నకి ఒకప్పుడు కెనడా ప్రభుత్వమే సూత్రం రాసింది. 2013 జనవరి నుంచి ఈఐ తీసుకునేవాళ్ళని మూడు వర్గాలు చేసింది. చాలాకాలంగా పనిచేస్తూ ఈఐ జోలికి పెద్దగా పోనివాళ్ళు మొదటి 18 వారాలు పాత జీతంలో 90 శాతం, ఆ తర్వాత 80 శాతం వచ్చే పనైతే ఒప్పుకోవాలి. తరచుగా ఈఐ తీసుకునేవాళ్ళైతే ఏడో వారం నుంచి 70 శాతానికి కూడా ఒప్పుకోవాలి. దీనిమీద పెద్ద గొడవ జరిగి 2016 జులైలో ఆ నిబంధనలు తీసేశారు. వెతకాలి, తగిన పనిని కారణం లేకుండా కాదనకూడదు అన్న బాధ్యత మాత్రం ఉంది. ఆ శాతాలు ఇప్పుడు చట్టం కాదు గానీ, కాలం గడిచేకొద్దీ మెట్టు దిగాలన్న ఆలోచన మనం సొంతంగా వాడుకోదగ్గదే. మొదటి రోజే రాసిపెట్టుకోండి: మూడు నెలల దాకా ఇంత, ఆరు నెలల దాకా ఇంత, ఆపైన ఇంత. నిస్పృహలో ఉన్న రోజున కొత్త గీత గీసుకోకుండా అది కాపాడుతుంది.

సంతకాల విషయంలో నిదానమే ప్రధానం. అంటారియో చట్టం ప్రకారం నోటీసు లేదా దాని బదులు జీతం గరిష్ఠంగా 8 వారాలు. అయిదేళ్ళు నిండినవాళ్ళకి, తగినంత పెద్ద సంస్థలో, ఏడాదికి ఒక వారం చొప్పున 26 వారాల దాకా సెవరెన్స్. ఇది కనీసం మాత్రమే. కాంట్రాక్టు అడ్డురాకపోతే కోర్టులు 1960 నాటి బార్డల్ తీర్పు ప్రకారం వయసు, సర్వీసు, హోదా, అలాంటి ఉద్యోగం మళ్ళీ దొరికే అవకాశం చూసి అంతకంటే ఎక్కువ ఇప్పిస్తాయి. నలభై దాటినవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. కొన్ని ప్యాకేజీల్లో జీతం నెలనెలా ఇస్తూ, కొత్త ఉద్యోగంలో చేరగానే ఆపేస్తారు, లేదా మిగిలినదాంట్లో సగమే ఇస్తారు. అలాంటి షరతు ఉంటే చిన్న ఉద్యోగంలో చేరే తేదీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక గంట లాయరు ఫీజు ఇక్కడ దండగ కాదు.

ఇంటి అప్పు మరొకటి. బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ రేటు 2022 మొదట్లో 0.25 శాతం, 2023 జులైకి 5 శాతం. మన మార్ట్‌గేజీలు సాధారణంగా అయిదేళ్ళకోసారి రెన్యూ అవుతాయి. పాత బ్యాంకులోనే రెన్యూ చేసుకుంటే మామూలుగా మళ్ళీ ఆదాయం రుజువు అడగరు. తక్కువ వడ్డీ కోసం వేరే బ్యాంకుకి మారాలంటే మాత్రం పే స్టబ్ కావాలి. రెన్యువల్ దగ్గరపడ్డవాళ్ళకి ఉద్యోగం ఉండటమే ఒక ఆస్తి. ఆర్‌ఆర్‌ఎస్‌పీ బద్దలుకొట్టాలనుకునేవాళ్ళు గుర్తుంచుకోండి: 15,000 దాటి ఒకేసారి తీస్తే 30 శాతం అక్కడికక్కడే పట్టుకుంటారు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 2023లో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. అమ్మాయి మరుసటి సెప్టెంబరులో యూనివర్సిటీకి వెళ్ళాలి, మార్ట్‌గేజి ఆ చలికాలంలోనే రెన్యువల్. నాలుగో నెలలో ఒక ఆఫర్ వచ్చింది. జీతం పావు వంతు తక్కువ, హోదా ఒక మెట్టు కింద, కానీ పెన్షన్ ఉంది. మూడు రోజులు స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చున్నాను. మా ఆవిడ ఒకటే అడిగింది. "ఇదే ఉద్యోగం ఇంకో నాలుగు నెలలాగి వస్తే ఏం చేసేవారు?" కళ్ళకద్దుకుని తీసుకునేవాణ్ణి అన్నాను. "మరి ముందే వచ్చినందుకు దాని విలువ తగ్గిపోయిందా?" అంది.

చేరాను. జీతం పెంచలేమన్నారు. ఆరు నెలలకి సమీక్ష, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడిగితే ఇచ్చారు. పాత జీతం ఇంకా రాలేదు, అది మీ దగ్గర దాచను. వేసవి సెలవులకి ఇండియా ప్రయాణం ఒకసారి మానుకున్నాం. మా నాన్నగారికి ఫోన్లో చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆయన జీతం ఎంతని అడగలేదు, "పని బాగుందా?" అని అడిగారు.

నాతోపాటే ఉద్యోగం పోయిన మిత్రుడు ఒకరు ఇలాంటి ఆఫర్‌నే కాదన్నారు. ఏడు నెలలు ఆగి పాతదానికంటే మంచిది తెచ్చుకున్నారు. ఆయనకి ఇంటి అప్పు లేదు, ఇంట్లో ఇంకో పూర్తి జీతం ఉంది, ఆయన నైపుణ్యానికి ఆ సమయంలో గిరాకీ ఉంది. ఆయన లెక్క ఆయనకి సరిపోయింది, నా లెక్క నాకు సరిపోయింది. అందుకే "ఫలానావాడు ఆగాడు, నువ్వూ ఆగు" అనే సలహా ఎవరికీ ఇవ్వకండి.

తక్కువ జీతం ఉద్యోగం అంటే అన్నీ ఒకటే కావు కూడా. మన రంగంలోనే ఒక మెట్టు కింద చేరితే చేతిలో పని చెడిపోదు. వేర్‌హౌస్‌లోనో, కాఫీ షాపులోనో చేస్తే అది గౌరవమైన పనే, మనలో చాలామంది కెనడాలో దిగిన కొత్తలో చేశాం. కానీ అలాంటి పని వెతకడానికి కావలసిన శక్తిని కూడా తినేస్తుంది. అద్దె కట్టాల్సివస్తే చేయక తప్పదు. గడువు పెట్టుకుని చేయండి. పార్ట్‌టైమ్‌గా చేస్తూ ఈఐ తీసుకుంటే, ఒక పరిమితి దాకా సంపాదించిన ప్రతి డాలరుకి 50 సెంట్లే ఈఐలో తగ్గిస్తారు. చేసిన పని రిపోర్టులో తప్పక రాయాలి.

ఆఫర్ చేతికొచ్చాక బజారు ధర తెలుసుకోవడం ఇప్పుడు కొంచెం తేలికైంది. 2026 జనవరి 1 నుంచి అంటారియోలో 25 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు, చాలా పెద్ద జీతాలు మినహా, ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత దాకానో చెప్పాలి. కెనడా అనుభవం కావాలని ప్రకటనలో రాయకూడదు. ఒక వారం ప్రకటనలు చూస్తే మీకు వచ్చిన ఆఫర్ తక్కువదా, లేక మీ పాత జీతమే ఎక్కువదా అన్నది తేలిపోతుంది.

చివరిగా మన సంఘాలకి ఒక విన్నపం. ఉగాదికీ దీపావళికీ హాలు నింపగలుగుతున్నాం. నెలకొక శనివారం లైబ్రరీలో ఒక గది తీసుకుని, ఉద్యోగం పోయినవాళ్ళు వచ్చి కూర్చునే చోటు కూడా పెట్టగలం. ఒకరు రెజ్యూమే చూడాలి, ఒకరు ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయించాలి, ఒకరు ఈఐ ఫారాలు తెలిసినవాళ్ళు ఉండాలి. ఎంత జీతానికి చేరావని మాత్రం ఎవరూ అడక్కూడదు. మా ఊళ్ళో మొదలుపెడదామనుకుంటున్నాం. చేయి వేయగలిగినవాళ్ళు మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను కలవండి.