పాతరలో గింజ, పాతాళంలో కూతురు
(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, ఏం మాట్లాడాలా అని వెతుక్కోవలసిన పని పడలేదు. తొమ్మిదో తరగతిలో ఆయన చెప్పిన ఒక కథా, దాని మీద నేను వేసిన ఒక ప్రశ్నా నలభై ఏళ్లుగా నా వెంట నడుస్తూనే ఉన్నాయి. ఈ సాయంత్రం ఆ రెండింటినీ మీ ముందు పెడతాను.

ఆ రోజు ఇంగ్లీషు వాచకంలో గ్రీకుల కథ ఒకటి వచ్చింది. పంటల తల్లి డిమీటర్. ఆమె కూతురు పెర్సెఫొనీని పాతాళ రాజు హేడిస్ ఎత్తుకుపోయాడు. కూతురు కింద ఉన్నన్నాళ్లు తల్లి దేన్నీ మొలవనివ్వదు, అది చలికాలం. కూతురు పైకొస్తే తల్లి మనసు పూస్తుంది, అది వసంతం. మాస్టారు పుస్తకం మూస్తుంటే నేను లేచి అడిగాను: "సార్, చలికాలంలో మా చేన్లో జొన్న ఏపుగా ఉంటుంది గదా. ఏమీ మొలవంది ఎండాకాలంలో గదా?" తరగతంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, "అది వాళ్ల దేశంలోమ్మా" అన్నారు. మళ్లీ ఆయనే, "వాళ్ల దేశంలో ఎండాకాలం ఎట్లుంటుందో నాకూ తెలీదు. కనుక్కుంటా" అన్నారు.

మాది నల్లరేగడి సీమ. ఉత్తర, హస్త కార్తెల్లో విత్తితే మాఘ ఫాల్గుణాల్లో కోత. చలికాలమంతా మాకు పచ్చన. చైత్రం దాటితే నేల నెర్రెలిస్తుంది. ఆ సీమ పిల్లకు ఆ కథ తలకిందులుగా కనబడటంలో వింత లేదు.

అసలు కథ ఎక్కడిదో ముందు చూద్దాం. మనం చదివే బాలల కథల్లో ఉన్నది ఎక్కువగా రోమన్ కవి ఓవిడ్ చెప్పిన తీరు. ఆయన సంఘటనను సిసిలీ ద్వీపంలో, ఎన్నా ఊరి దగ్గరి సరస్సు ఒడ్డుకు తెచ్చాడు. 'మెటమార్ఫొసెస్'లో పిల్ల ఏడు దానిమ్మ గింజలు తింటుంది. ఏడాదిని చెరిసగం చేసి ఆరు నెలలు కింద, ఆరు నెలలు పైన అని తీర్పు. దీనికి ఆరేడు వందల ఏళ్ల ముందే గ్రీకు భాషలో డిమీటర్ స్తోత్రం ఒకటి పుట్టింది. హోమర్ పేరు మీద చెలామణీ అయ్యే స్తోత్రాల్లో అదొకటి, ఆయన రాసింది మాత్రం కాదు. 495 పాదాలు. మధ్యయుగాల నుంచి దాన్ని మనదాకా మోసుకొచ్చింది ఒకే ఒక రాతప్రతి. 15వ శతాబ్దపు ఆ ప్రతి 1777లో మాస్కోలో మథాయి అనే జర్మన్ పండితుడి కంటపడింది. ఇప్పుడది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. అది ఏ చెదలకో ఆహారమై ఉంటే, నేను ఇప్పుడు చెప్పబోయే కథ మనకు దక్కేది కాదు.

గ్రీకులు ఆ పిల్లను 'కోరీ' అని కూడా అనేవాళ్లు. అమ్మాయి అని అర్థం, అంతే. చెలికత్తెలతో పూలు కోస్తుంటే నూరు తలలతో పూసిన నార్సిసస్ పువ్వు ఒకటి కనబడింది. రెండు చేతులూ చాపింది. భూమి విచ్చుకుంది, బంగారు రథం పైకొచ్చింది. ఆమె కేక కొండలకూ సముద్రానికీ వినబడింది. తల్లీ విన్నది. రెండు చేతుల్లో కాగడాలు పట్టుకుని తొమ్మిది రోజులు తిరిగింది. అన్నం లేదు, నీళ్లు లేవు, స్నానం లేదు. పదో రోజున సూర్యుడి దగ్గర నిజం తెలిసింది. ఎత్తుకుపోయినవాడు హేడిస్. ఒప్పుకున్నవాడు పిల్ల తండ్రి, దేవతల రాజు జ్యూస్.

ఇక్కడ నేను కాసేపు ఆగుతాను. తండ్రి మాటిచ్చాడు, తల్లినీ అడగలేదు, పిల్లనూ అడగలేదు. పైగా సూర్యుడు డిమీటర్‌ను ఓదారుస్తూ, అల్లుడు తక్కువవాడేం కాదు, నీ తోబుట్టువే, పెద్ద రాజ్యం ఏలుతున్నాడు అంటాడు. ఇలాంటి ఓదార్పు విన్న తల్లులు ఈ సభలో కూడా ఉంటారు.

డిమీటర్ దేవతల కొలువు విడిచి, ముసలమ్మ వేషంలో ఏథెన్స్‌కు పడమరనున్న ఎల్యూసిస్ ఊరికి వచ్చి బావి గట్టున కూర్చుంది. నీళ్లకొచ్చిన నలుగురు అక్కచెల్లెళ్లు ఇంటికి తీసుకెళ్లారు. వాళ్ల తల్లి మెటనైరా పసిబిడ్డను చేతికిచ్చింది. ఇంట్లో అందరూ పరామర్శిస్తున్నా ముసలమ్మ మాట్లాడదు. చివరికి ఐయాంబీ అనే పనిమనిషి మోటు సరసాలాడి నవ్వించింది. ద్రాక్షసారా ఇస్తే వద్దని, యవల పిండీ నీళ్లూ పుదీనా జాతి ఆకూ కలిపిన పానీయం అడిగి తాగింది. దుఃఖంలో ఉన్న మనిషిని మళ్లీ ఒక ముద్ద తినేలా చేసింది పనిమనిషి హాస్యమేనని ఆ కవికి తెలుసు. ఆ చిన్న సన్నివేశం కోసమే నేను ఈ స్తోత్రాన్ని మళ్లీ మళ్లీ చదువుతాను.

ఆ పసివాణ్ణి చావులేనివాడిగా చేయాలని డిమీటర్ రాత్రిళ్లు నిప్పుల్లో దాచేది. మెటనైరా చూసి కెవ్వున అరిచింది. దేవత అలిగి తన నిజరూపం చూపించి, ఊరివాళ్ల చేత గుడి కట్టించుకుని, అందులో ఒంటరిగా కూర్చుంది. ఆ ఏడు గింజ మొలవలేదు. ఎద్దులు ఎన్ని చాళ్లు దున్నినా, చల్లిన తెల్లని యవలు మట్టిలోనే దాగిపోయాయి. మనుషులు మాడిపోతే దేవుళ్లకు బలులిచ్చేవాళ్లుండరు. జ్యూస్ ఒక్కొక్క దేవతనే రాయబారం పంపాడు. ఆమె కదల్లేదు. కూతుర్ని కళ్లారా చూసేదాకా పంట లేదన్నది. నిక్కచ్చిగా చెప్పాలంటే అది సమ్మె. చివరికి దిగిరావలసింది జ్యూసే.

హేడిస్ పిల్లను పంపుతూ ఒక దానిమ్మ గింజ తినిపించాడు, ఒక్కటే. దాంతో లెక్క తేలింది. ఏడాదిలో మూడో వంతు కింద, మిగతా రెండు వంతులు తల్లి దగ్గర. ఈ మూడో వంతును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మనలో చాలామందికి ఈపాటికి సీతమ్మ తలపుకొచ్చి ఉంటుంది. నాగేటి చాలులో దొరికిన పిల్ల, చివరికి భూమిలోకే వెళ్లిన పిల్ల. కానీ రెండు కథల దిక్కులు వేరు. సీత భూమిలోకి వెళ్లడమంటే తల్లి ఒడికి వెళ్లడం. పెర్సెఫొనీ భూమిలోకి వెళ్లడమంటే తల్లికి దూరమవడం. పోలిక అక్కడితో వదిలేద్దాం.

స్తోత్రాన్ని చదివాక నాకు కలిగిన నమ్మకం ఇది. ఋతువులు ఎందుకు మారతాయో చెప్పడానికి పుట్టిన కథ కాదిది. ఒక తల్లి కోపం, ఆ కోపం వల్ల కుదిరిన ఒడంబడిక కథ. ఆ ఒడంబడికలోని షరతు పేరే ఋతువు. గ్రీకులు ఋతువులను 'హోరాయ్' అనే దేవతలుగా కొలిచారు. కవి హీసియడ్ ఆ అక్కచెల్లెళ్లు ముగ్గురికీ పెట్టిన పేర్ల అర్థాలు చూడండి: మంచి కట్టుబాటు, న్యాయం, శాంతి. వాళ్ల తల్లి ధర్మదేవత థెమిస్. కాలం వేళకు రావడమంటే ఎవరి వంతు వాళ్లకు ముట్టడమని ఆ జనం అనుకున్నారన్నమాట.

ఋతువులతో ముడిపడిన కథలు వాళ్లకు ఇంకా ఉన్నాయి. డెల్ఫీ గుడిలో చలికాలం మూడు నెలలు అపోలో దేవుడు ఉత్తరాదికి వెళ్లిపోతాడు, ఆయన చోట డయోనైసస్ దేవుడు కొలువుంటాడు. నడి చలికాలంలో సముద్రం నిమ్మళించే పద్నాలుగు రోజులు, మొగుడి కోసం ఏడ్చి పక్షిగా మారిన ఆల్‌సియోనీ గుడ్లు పొదిగే రోజులు. చనిపోయిన అడోనిస్ కోసం ఏథెన్స్ ఆడవాళ్లు పెంకుల్లో గింజలు మొలకెత్తించి, మిద్దెల మీద ఎండకు వాడనిచ్చి ఏడ్చేవాళ్లు. ఈ చివరిది నా ప్రశ్నకు దగ్గరిది. ఆ మొలకల్ని చంపేది ఎండ.

ఇప్పుడు ఆ ప్రశ్నకే వస్తాను. ఎల్యూసిస్ ఉన్న ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 400 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి మార్చి లోపలే. ఎండాకాలంలో చుక్క పడటం అరుదు. హీసియడ్ చెప్పిన సేద్యపు లెక్క మన రైతులకు వెంటనే అర్థమవుతుంది. తెల్లవారుజామున కృత్తికలు పడమట కుంకితే దుక్కి. నలభై రోజులు కనుమరుగై మళ్లీ పొడిస్తే కోత. అంటే నవంబరు ప్రాంతంలో విత్తి మే నెలలో కోస్తారు. చలికాలమంతా పైరు పచ్చగానే ఉంటుంది. కోతలు, కళ్లాలు అయ్యాక జూన్ నుంచి అక్టోబరు దాకా చేలు బోడిగా, ఎండిపోయి ఉంటాయి. మంచు కప్పిన ఉత్తరాది దేశాల్లో కూర్చుని చదివినవాళ్లకు పెర్సెఫొనీ లేని కాలం అంటే చలికాలమే తోచింది. మా వాచకం వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది.

స్వీడన్ పండితుడు మార్టిన్ నిల్సన్ ఈ చలికాలపు అర్థాన్ని ఎదిరించాడు. నూర్చిన ధాన్యాన్ని గ్రీకులు భూమిలో తవ్విన గోతుల్లో దాచేవాళ్లు. నూర్పిళ్ల నుంచి విత్తుల దాకా నాలుగు నెలలు. ఏడాదిలో సరిగ్గా మూడో వంతు. కూతురు కింద ఉన్న కాలం అదేనన్నాడాయన. ఆ గోతిని గ్రీకులు 'సిరోస్' అంటారు. మనం పాతర అంటాం.

దీనికి రాతి సాక్ష్యం ఉంది. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్ ప్రజాసభ ఒక శాసనం చెక్కించింది. రైతులందరూ ఎల్యూసిస్ దేవతలకు తొలిపంట చెల్లించాలి: యవల్లో 600వ వంతు, గోధుమల్లో 1200వ వంతు. ఆ ధాన్యం దాచడానికి పూర్వాచారం ప్రకారం ఎల్యూసిస్‌లో మూడు పాతరలు కట్టాలి. కూతురిని నేల మింగిన కథ చెప్పే గుడికే, ధాన్యం దాచే పాతరలు కూడా ఉన్నాయన్నమాట. హేడిస్‌కు 'ప్లూటోన్' అనే మరో పేరుండటం కూడా ఇప్పుడు అతికినట్టుంటుంది. సంపద గలవాడు అని దాని అర్థం. ఏడాది తిండిగింజలు ఎవరి కింద ఉంటే వాడేగా సంపన్నుడు.

మాస్టారి శిష్యురాలిగా అవతలి వాదమూ చెప్పాలి. వసంతపు పూలు విచ్చినప్పుడు కూతురు పైకొస్తుందని స్తోత్రమే స్పష్టంగా అంటుంది. నిల్సన్ వాదం ఆ పాదాల దగ్గర ఇరుక్కుంటుంది. పెర్సెఫొనీ అంటే భూమిలో దాగిన విత్తనమని రోమన్ రచయిత సిసెరో కాలానికే ఒక వివరణ ఉంది. అలా చూస్తే ఆమె పాతరలోనూ ఉండవచ్చు, చాలులోనూ ఉండవచ్చు. నా మొగ్గు మాత్రం పండగల వైపు. ఎల్యూసిస్ రహస్య దీక్షల ఊరేగింపు ఏథెన్స్ నుంచి బయల్దేరేది సెప్టెంబరు చివర్లో, తొలి వానల ముందు. విత్తుల వేళకు ఆడవాళ్లు మాత్రమే జరుపుకునే థెస్మొఫోరియా వస్తుంది. మూడు రోజుల పండగ, నడిమి రోజు నేల మీద కూర్చుని ఉపవాసం. అంతకుముందు గోతుల్లో వేసిన పందిపిల్లల అవశేషాలను పైకి తెచ్చి విత్తనాల్లో కలిపేవాళ్లు. అంతకన్నా పాత మెసొపొటేమియాలో కూడా దుముజీ దేవుడి కోసం ఆడవాళ్లు ఏడ్చిన నెల ఎండాకాలపు నెలే. కవి పూల వేళ అన్నాడు. విత్తనాల మూట నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు తొలి వాన వేళ అనుకున్నారు. నేను ఆడవాళ్ల పక్షం.

క్రీస్తు శకం 392లో చక్రవర్తి థియొడోసియస్ పాత పూజలన్నిటినీ నిషేధించాడు. దీక్షలు ఆగిపోయాయి, గుడి శిథిలమైంది. రైతు మాత్రం మరవలేదు. 1801లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఎల్యూసిస్ వెళ్లేసరికి, నెత్తిన మందసం మోస్తున్న ఒక స్త్రీ రాతి విగ్రహం మెడ దాకా ఎరువుదిబ్బలో ఉంది. క్రైస్తవులైన ఆ ఊరివాళ్లే పండగ రోజుల్లో ఆమె ముందు దీపం పెట్టేవాళ్లు. ఆమె ఉన్నంతకాలం పంటకు లోటు లేదని నమ్మకం. ఎరువుదిబ్బలో ఉంచడం అవమానమని యాత్రికుడు అనుకున్నాడేమో, ఆ ఎరువే ఆమెకు నైవేద్యం. టర్కీ అధికారి అనుమతితో క్లార్క్ దాన్ని తరలించబోతుంటే ముందురోజు సాయంత్రం ఎద్దు ఒకటి తాడు తెంపుకుని వచ్చి విగ్రహాన్ని కుమ్మింది. ఊరు భయపడింది. అయినా తీసుకెళ్లాడు. ఓడ ఇంగ్లండ్ తీరం దగ్గర పగిలింది. విగ్రహం దక్కింది, ఇప్పుడు కేంబ్రిడ్జ్ మ్యూజియంలో ఉంది. అది ద్వారానికి నిలిపిన కంబపు బొమ్మే తప్ప డిమీటర్ కాదని పండితులు తేల్చారు. ఆ ఊరివాళ్లకు ఆ తేడాతో పని లేదు, నాకూ లేదు.

మాస్టారు కనుక్కుంటానన్నారు కదా. ఆయనకు ఏ పుస్తకాలు దొరికాయో నాకు చెప్పలేదు. ఆ ఏడు వైశాఖంలో ఒక పొద్దున సైకిలేసుకుని మా ఊరొచ్చారు. "మీ పాతర తీసేటప్పుడు చెప్పమన్నా గదా" అన్నారు నాయనతో. మా ఇంటి ముందర వీధిలోనే పాతర. చిన్నాయన మట్టి తవ్వి, బండ పక్కకు జరిపి, చొప్ప తీశాడు. లోపల్నుంచి వేడిగా, పులిసినట్టు ఒక వాసన వచ్చింది. మాస్టారు వంగబోతే అవ్వ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. తీసిన పాతరలో వెంటనే దిగితే మనిషి తిరిగి రాడు, మా పక్క ఊళ్లో అట్లా పోయినవాళ్లున్నారని చెప్పింది. లాంతరు వెలిగించి తాడుకు కట్టి కిందికి వదిలారు. సగం దిగేసరికి దీపం ఆరిపోయింది.

అందరం ఎండలో కూర్చున్నాం. మాస్టారు ఒక్క మాటా అనలేదు, ఆ గుంత వైపే చూస్తున్నారు. చాలాసేపటికి లాంతరు మళ్లీ దించారు. ఈసారి ఆరలేదు. చిన్నాయన తాడు పట్టుకుని దిగాడు. కాసేపటికి లోపల్నుంచి "లాగండి" అని వినబడింది. మొదటి గంప జొన్నలు వెలుగులోకి వచ్చాయి. అవ్వ ఒక గుప్పెడు తీసి, ఊది, మాస్టారి చేతిలో పోసింది.